సూడాన్ పేషెంట్ "గుడ్, గుడ్" అంది, నేను నొప్పి సున్నా అని రాశాను

ప్రశ్న: మేడమ్, నేను హనుమకొండలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోయి నాలుగేళ్లయింది. ఈమధ్య మా వార్డులో సూడాన్ నుంచి వచ్చిన ఒకామె అడ్మిట్ అయింది. కొడుకు ఇక్కడ చదువుకుంటున్నాడట, చూసిపోదామని వచ్చి కడుపునొప్పితో పడింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) చేశారు. ఆ రాత్రి డ్యూటీ నాదే. ఎప్పుడు వెళ్లి "పెయిన్?" అని అడిగినా నవ్వుతూ "గుడ్, గుడ్" అంది. నేను నొప్పి సున్నా అని రాసుకుంటూ పోయాను. తెల్లారేసరికి పల్స్ 120, ఊపిరి పైపైన తీస్తోంది. కొడుకు వచ్చి పెద్ద గొడవ చేశాడు. రాత్రి అతను "డాక్టర్ మళ్లీ వస్తారా" అని అడిగితే నేను తల ఊపాను, రారని అనుకున్నాడట. పొద్దున డ్రెస్సింగ్‌కి బ్రదర్ (మగ నర్సు) వెళ్తే ఆమె దుప్పటి గట్టిగా పట్టుకుని వదల్లేదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ అందరి ముందు "నీకు కల్చరల్ కాంపిటెన్స్ లేదు" అంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద హాస్పిటల్ నుంచి విదేశీ పేషెంట్ల వార్డుకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. రెండేళ్ల బాండ్ అంటున్నారు. ఏ దేశం వాళ్ల పద్ధతులేంటో అన్నీ చదువుకుని వెళ్లాలా? నా ఇంగ్లీష్ అంతంతే. వెళ్లాలా వద్దా?
– ఒక స్టాఫ్ నర్స్, హనుమకొండ

జవాబు:

వెళ్లు బిడ్డా. బాండ్ సంగతి చివర్లో చెప్తాను, అది వేరే లెక్క. ముందు ఆ రాత్రి సంగతి చూద్దాం.

నీ ఉత్తరం చదివితే నీకు సూడాన్ గురించి తెలియకపోవడం వల్ల ఇదంతా జరిగిందని నాకైతే అనిపించలేదు. హసన్‌పర్తి నుంచి వచ్చిన ఒక ముసలమ్మను అదే ఆపరేషన్ అయ్యాక "నొప్పుందా అమ్మా" అని అడుగు, "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అంటుంది. నువ్వు నమ్మి సున్నా రాస్తావా? రాయవు. ఆమె పళ్లు బిగబట్టి పక్కకు తిరగడం చూస్తావు, దగ్గొస్తే పొట్ట పట్టుకోవడం చూస్తావు, "అబద్ధాలాడకు అవ్వా" అని నవ్వించి ఇంజెక్షన్ ఇస్తావు. ఆ చూపు నీకు ఉంది. సూడాన్ ఆమె మంచం దగ్గరికి పోయేసరికి ఇంగ్లీష్ టెన్షన్‌లో దాన్ని గుమ్మం బయటే వదిలేశావు. ఒక్క మాట అడిగి, ఒక్క మాట విని, రాసుకుని బయటపడ్డావు. భాష రాని పేషెంట్ దగ్గర మనం ఎక్కువసేపు నిలబడాలి, కానీ చాలామందిమి తక్కువసేపు నిలబడతాం. వార్డుల్లో నేను ఏళ్లతరబడి చూసిన విషయం ఇది.

"పెయిన్?" అని అడిగితే "గుడ్" అనే జవాబే వస్తుంది. సేవ చేస్తున్న కొత్త మనిషి ముందు మూలగడం మర్యాద కాదనుకునేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు, చీమ కుట్టినా వార్డు ఎగిరిపోయేలా అరిచేవాళ్లూ ఉంటారు. అరుపును బట్టి నొప్పి కొలవడం కుదరదు. ఎక్కడో చేత్తో చూపించమను. సున్నా నుంచి పది దాకా కాగితం మీద గీత గీసి వేలు పెట్టమను. పిల్లల కోసం తయారుచేసిన ముఖాల బొమ్మల స్కేల్ ఉంటుంది కదా, భాష రాని పెద్దవాళ్లకు కూడా అది పనికొస్తుంది. అన్నిటికన్నా సులువైనది, దగ్గమను, పక్కకు తిరగమను, గట్టిగా ఊపిరి పీల్చమను. ఇవేవీ చేయలేకపోతే ఆమె నోటితో గుడ్ అన్నా ఒళ్లు కాదంటున్నట్టే. ల్యాప్రోస్కోపీ అయినవాళ్లకు భుజంలో నొప్పి వస్తుంది, కడుపులోకి ఎక్కించిన గ్యాస్ వల్ల. మనవాళ్లకైతే ముందే చెప్తాం. చెప్పకపోతే గుండెనొప్పి అనుకుని రాత్రంతా భయపడి కూర్చుంటారు. ఆమెకు ఎవరైనా చెప్పారా? భుజం మీద చెయ్యి వేసి, గ్యాస్ అని ఫోన్లో అరబీలో చూపించి ఉంటే సగం భయం తగ్గేది.

ఇంకో మాట, ఇది కల్చర్ సంగతి కాదు, నర్సింగ్ సంగతి. పల్స్ 120 ఒక్కసారిగా తెల్లవారుజామున వచ్చి ఉండదు, రాత్రంతా మెల్లగా ఎక్కి ఉంటుంది. గాల్‌బ్లాడర్ తీసిన పేషెంట్‌కి పల్స్ పెరిగి ఊపిరి పైపైన ఆడుతుంటే అది నొప్పి కావచ్చు, లోపల రక్తం పోతుండవచ్చు, పిత్తం లీక్ కావచ్చు, ఊపిరితిత్తి అడుగుభాగం తెరుచుకోకపోయి ఉండవచ్చు. పేషెంట్ "గుడ్" అన్నా చార్ట్ అలా ఉంటే డ్యూటీ డాక్టర్‌ని లేపాలి. ఈసారి ఏమీ కాలేదు, మంచిదే.

తల ఊపడం గురించి. మన ఊపు ప్రపంచంలో చాలామందికి అర్థం కాదు. పక్కలకు ఆడిస్తే మనకది సరే, అలాగే, విన్నాను, వస్తారులే – అన్నీ. బయటివాళ్లకు అది "కాదు" లాగో "ఏమో తెలియదు" లాగో కనిపిస్తుంది. ఆ అబ్బాయి తల్లి గురించి భయంతో అడిగాడు, నువ్వు వస్తారని చెప్పావు, అతనికి రారని వినపడింది. విదేశీ పేషెంట్ దగ్గర తలతో జవాబు చెప్పడం పూర్తిగా మానెయ్. నోటితో "ఎస్" అను, తర్వాత "డాక్టర్ కమింగ్, నైన్ ఓ క్లాక్" అను, కాగితం మీద 9 అని రాసి చేతికివ్వు. గ్రామర్ ఎవడికి కావాలి. తేదీలు రాసేటప్పుడు మాత్రం నెలను అక్షరాల్లో రాయి. 03/04 అంటే మనకు ఏప్రిల్ మూడు, అమెరికావాళ్లకు మార్చి నాలుగు, రివ్యూకి నెల ముందే వచ్చి కూర్చుంటారు.

ఇక డ్రెస్సింగ్. ఆమె దుప్పటి ఎందుకు పట్టుకుందో నీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. మగమనిషి వచ్చి మాటా పలుకూ లేకుండా పొట్ట మీద బట్ట తీయబోతే మన మహబూబాబాద్ తండా ఆడమనిషి ఊరుకుంటుందా? ఆ బ్రదర్ తప్పేం లేదు, పంపినవాళ్లది. ఆడ స్టాఫ్ ఉంటే ఆడవాళ్లే వెళ్లాలి. లేకపోతే ముందే చెప్పి, తెర లాగి, నువ్వు పక్కన నిలబడి, కావాల్సినంత మేరకే బట్ట తీయించాలి. తల కప్పుకునే ఆడవాళ్లకు ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు ముసుగు తీయించి తర్వాత క్యాప్ ఇస్తుంటారు చాలాచోట్ల. క్యాప్ ముందు చేతికిస్తే ఆమే లోపలికి వెళ్లి మార్చుకుంటుంది కదా. రికవరీలో మెలకువ రాగానే ఆ ముసుగు గుడ్డ ముందు అందించు, సెలైన్ సంగతి ఒక్క నిమిషం తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ ఇన్‌ఛార్జ్ అన్న మాట. తిట్టడానికి వాడింది కానీ అది తిట్టు కాదు. పేషెంట్ పుట్టిపెరిగిన తీరు, నమ్మకం, తిండి, సిగ్గు, భయం, వీటిని తెలుసుకుని దానికి తగ్గట్టు నర్సింగ్ చేయగలగడం, అంతే దాని అర్థం. 1950లలో మెడలిన్ లైనింగర్ అనే అమెరికన్ నర్సు, పిల్లల మానసిక వైద్య కేంద్రంలో పనిచేస్తూ, ఒకే రకం సేవకు రకరకాల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు రకరకాలుగా స్పందించడం గమనించింది. మనుషుల్ని చదవాలంటే నర్సింగ్ ఒక్కటే చాలదని ఆంత్రోపాలజీలో (మనుషుల జీవన రీతుల్ని చదివే శాస్త్రం) పీహెచ్‌డీ చేసింది, న్యూ గినీ వెళ్లి గాడ్సప్ అనే తెగ ఊళ్లలో ఉండి చూసింది. ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ అనే సబ్జెక్ట్ ఆమె చేతుల మీదుగానే మొదలైంది. ఆ పేరు ఇంటర్వ్యూలో పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

అన్ని దేశాల పద్ధతులూ చదవాలా అంటే, వద్దు. చదివితే నష్టం కూడా ఉంది. రేపు నువ్వు హైదరాబాద్‌లో చేరావనుకో, అక్కడ కేరళ నుంచి వచ్చిన ఒక సిస్టర్ డైరీలో "తెలంగాణవాళ్లు: మటన్, కల్లు, గట్టిగా మాట్లాడతారు" అని రాసుకుని ఉంటే, శనివారం ఒక్కపొద్దుండే మీ నాయనమ్మ వస్తే ఆ డైరీ ఏం చెప్తుంది? సూడాన్‌లో ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు, అరబీ మాట్లాడేవాళ్లు, ఇంకా ఎన్నో భాషలవాళ్లు ఉన్నారు. 2011లో దక్షిణ సూడాన్ వేరే దేశమైంది, అక్కడివాళ్లని "సూడానీ" అని ఒకే గాట కడితే చిన్నబుచ్చుకుంటారు. సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ప్రొఫెసర్‌గా చేసినామె, ఊళ్లో మేకలు కాసినామె ఒకేలా ఉంటారా? 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మరే గార్సియా అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఇదే చెప్పారు. అంతా నేర్చేసుకున్నాను అనుకోవడం కన్నా, నాకు తెలియదు నువ్వు చెప్పు అని పేషెంట్‌ని అడిగే వినయం ముఖ్యమని. నా ఓటు కూడా వాళ్లకే.

మరి ఏం అడగాలి? ఆర్థర్ క్లెయిన్‌మన్ అనే సైకియాట్రిస్ట్ 1970లలో కొన్ని ప్రశ్నలు తయారుచేశాడు. వాటిని మన మాటల్లో పెడితే ఇలా ఉంటాయి: మీకేమైందని మీరనుకుంటున్నారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? మీ ఊళ్లో దీనికి ఏం చేస్తారు? ఇక్కడ మేం ఏం చేస్తే బాగుంటుంది? దీంట్లో మీకు ఎక్కువ భయం దేనికి? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు ఒక్కోసారి ఆశ్చర్యంగా ఉంటాయి. ఆపరేషన్ గురించి కాదు, ఇంటికి తిరిగి పోయేలోపు వీసా అయిపోతుందేమో అంటారు, పరాయి దేశంలో చచ్చిపోతే ఎక్కడ పాతిపెడతారు అంటారు.

ఈ ప్రశ్నలు నీకు కొత్తేం కాదు. పచ్చకామెర్ల పిల్లాడు వస్తే "పసరు తాగించిండ్రా? వాత పెట్టించిండ్రా?" అని నువ్వు అడగడం లేదా? కోప్పడితే తల్లి దాచిపెడుతుందని, మామూలుగా, మన ఇంట్లోనూ చేస్తారన్నట్టు అడుగుతావు. యెమెన్ నుంచో సోమాలియా నుంచో వచ్చినతన్ని "ఖాత్ నములుతారా" అని కూడా అదే గొంతుతో అడగాలి. ఆ ఆకు నమిలితే బీపీ, పల్స్ పెరుగుతాయి, మత్తు డాక్టర్‌కి తెలియాలి. అరబ్ దేశాల పేషెంట్ వీపు మీద గుండ్రటి మచ్చలు వరుసగా కనిపిస్తే అది కప్పింగ్, హిజామా అంటారు, ఎవరో కొట్టారని కంగారుపడి పోలీస్ కేసు దాకా పోవద్దు. ఎప్పుడు చేయించుకున్నారో అడిగి రాసుకో. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ పేషెంట్లతో, తెలుగు సరిగ్గా రాని లంబాడా అవ్వలతో, మండీబజార్ నుంచి వచ్చే ఉర్దూ ఖాలాలతో రోజూ చేసే పనే ఇది. ఆ చేతికి పాస్‌పోర్ట్ చూడగానే వణుకు ఎందుకు?

రంజాన్ కూడా నీకు కొత్త కాదు. రోగం వచ్చినవాళ్లకు, ప్రయాణంలో ఉన్నవాళ్లకు రోజా నుంచి మినహాయింపు ఉందని మన వార్డుల్లో అందరికీ తెలుసు, కానీ "మీ మతంలోనే వద్దన్నారు కదా" అని మనం వాళ్లకు చెప్పకూడదు, అది వాళ్లూ వాళ్ల మౌల్వీ చూసుకుంటారు. మన పని ఒక్కటే, షుగర్ పేషెంట్ రోజా ఉండాలనుకుంటున్నాడని ముందే తెలుసుకుని డాక్టర్‌కి చెప్పడం, ఇన్సులిన్ టైము, మోతాదు సహర్‌కీ ఇఫ్తార్‌కీ తగ్గట్టు ఆయన మార్చడానికి. అడగకపోతే వాళ్లు చెప్పకుండా ఉండి, నువ్వు పొద్దున ఇచ్చిన ఇన్సులిన్‌తో మధ్యాహ్నానికి పడిపోతారు. అలాగే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లు పంది పేగుల నుంచి తయారవుతాయి, చాలా క్యాప్సూల్ తొడుగులు జంతువుల జిలటిన్‌వి. అడిగినవాళ్లకు అబద్ధం చెప్పవద్దు. "మందులో ఏముందో ఫార్మసీలో కనుక్కుంటా, డాక్టర్‌ని అడుగుతా" అను, తీసుకోవాలా వద్దా అనే నిర్ణయం వాళ్లది.

దేశాల జాబితా చదవకు అన్నాను కానీ శరీరం గురించి కొన్ని చదివి తీరాలి. నల్లటి చర్మం మీద నీలం తిరగడం, కామెర్లు, మంచం పుళ్ల మొదటి ఎరుపు మనకు అలవాటైన చోట కనపడవు. పెదవి లోపల, కంటి రెప్ప లోపల, అరచేతుల్లో చూడాలి, పుండు పడే చోట వేడి, గట్టిదనం తడిమి చూడాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ముదురు రంగు చర్మంలో ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో, మెషీన్ 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు నిజానికి రక్తంలో ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉన్నవాళ్లు నల్లజాతి పేషెంట్లలో దాదాపు 12 శాతం, తెల్లవాళ్లలో 4 శాతం లోపు. కాబట్టి నీ సూడాన్ పేషెంట్ ఊపిరి పైపైన తీస్తుంటే సాచురేషన్ 95 ఉందిలే అని వదిలెయ్యడానికి లేదు, మనిషిని చూడాలి.

సికిల్ సెల్ ఇంకోటి, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. నైజీరియా, కాంగో, సూడాన్, ఇలా ఆఫ్రికా నుంచి వచ్చే స్టూడెంట్లలో ఉంటుంది, మన ఆదిలాబాద్ గోండుల్లో, కోయల్లో కూడా ఉంది. ఆ నొప్పి మొదలైతే ఎముకలు విరిచినట్టుంటుందట. చిన్నప్పటి నుంచి పడుతున్నవాళ్లు కాబట్టి ఏ ఇంజెక్షన్ ఎంత మోతాదు పనిచేస్తుందో వాళ్లకు తెలుసు, పేరు పెట్టి అడుగుతారు. అడగ్గానే నర్సింగ్ స్టేషన్‌లో ఒక మాట మొదలవుతుంది: "వీడు మత్తుకు అలవాటు పడ్డట్టున్నాడు." దయచేసి ఆ మాట నీ నోటి నుంచి రాకూడదు. మందు ఇవ్వాలా వద్దా డాక్టర్ చూస్తారు, నువ్వు నొప్పి రాయి, ఫ్లూయిడ్స్, ఆక్సిజన్, వెచ్చగా ఉంచడం చూడు.

ఇక రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా రాయాల్సింది. సూడాన్, సోమాలియా లాంటి దేశాల్లో ఆడపిల్లల జననాంగాల్ని కోసే ఆచారం ఉంది, కొన్నిచోట్ల కోసి కుట్టేస్తారు కూడా. సూడాన్‌లో 2020లో దాన్ని నేరంగా ప్రకటించారు, కానీ అక్కడ ఇప్పుడున్న పెద్ద ఆడవాళ్లలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా చిన్నప్పుడే అయిపోయినవాళ్లు. యూరిన్ పైపు వేయడానికి వెళ్లి తొలిసారి అది చూసిన నర్సు "అయ్యో" అంటుంది, ఇంకొకరిని పిలిచి చూపిస్తుంది. ఆమె ఆ వయసులో పరాయి దేశంలో కాళ్లు చాపి పడుకుని, ముగ్గురు అమ్మాయిలు వంగి చూడటం... ఊహించుకో. నీకు కనిపిస్తే ముఖంలో ఏమీ చూపించకు. పైపు తేలిగ్గా ఎక్కకపోతే బలవంతం చేయకుండా ఆగి, డాక్టర్‌కి విడిగా చెప్పు, సన్నది కావాల్సి రావచ్చు. కేస్ షీట్‌లో ఉండాల్సినంతే ఉండాలి, టీ దగ్గర కబుర్లలో ఉండకూడదు.

దీన్నిబట్టే ఇంకోటి అర్థమవుతుంది. కొడుకును దుబాసిగా పెట్టుకోవడం అన్నిటికీ పనికిరాదు. మంచినీళ్లు, తిండి, డాక్టర్ ఎప్పుడొస్తారు, వీటికి సరే. నెలసరి, యూరిన్ మంట, రక్తస్రావం గురించి తల్లి కొడుకుతో చెప్పదు. నువ్వైతే మీ తమ్ముడితో చెప్పించుకుంటావా? అతను కూడా కొన్ని మాటలు మింగేస్తాడు, క్యాన్సర్ లాంటిదైతే అసలే చెప్పడు. మనకు ఉత్తర తెలంగాణలో ఒక వెసులుబాటు ఉంది, ఎవరూ దాన్ని గుర్తించరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయి వచ్చినవాళ్లు ప్రతి హాస్పిటల్లోనూ ఒక వార్డ్ బాయ్‌గానో సెక్యూరిటీగానో ఉంటారు, అరబీ గలగలా మాట్లాడతారు. పిలుచుకో, భయం పోగొట్టడానికి, నవ్వించడానికి వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ అది సైట్ మీద నేర్చుకున్న అరబీ, పైగా సూడాన్ అరబీ వేరు, రియాద్ అరబీ వేరు. ఆపరేషన్ సంతకానికి, మందు మోతాదుకి దాన్ని నమ్ముకోకూడదు, ఫోన్ ట్రాన్స్‌లేషన్‌ని అంతకన్నా నమ్మకూడదు. అక్కడ అలవాటున్న దుబాసి కావాలి, ఫోన్లో అయినా సరే. మాట్లాడేటప్పుడు దుబాసి ముఖం చూడకు, పేషెంట్‌ని చూడు. డిశ్చార్జ్ అప్పుడు "అర్థమైందా" అంటే అందరూ అయిందనే అంటారు, మందుల కవర్లు ముందు పెట్టి "రాత్రికి ఏది వేసుకుంటారు, తీసి చూపించండి" అను.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అడిగితే చాలు. ఒక్కటే, ఎనుమాముల మిర్చి మార్కెట్ పక్కన పుట్టిపెరిగిన మన నాలుకకు కారం లేదనిపించేది కూడా వాళ్లకు మంటే. క్యాంటీన్ అతను "చప్పగనే చేసిన" అంటే నువ్వు రుచి చూసి కూడా నమ్మకు.

అసలు మన వార్డుల్లో సిగ్గుపడాల్సింది ఏంటో తెలుసా? తెలియకపోవడం కాదు. రామప్ప చూడటానికి వచ్చిన తెల్లవాళ్లు కాలు బెణికి వస్తే సెల్ఫీలు, కొబ్బరినీళ్లు, డైరెక్టర్ గారే వచ్చి పలకరింపు. అదే ఆఫ్రికా పిల్లవాడు జ్వరంతో వస్తే ముందు డిపాజిట్, తర్వాత పాస్‌పోర్ట్, ఆ తర్వాత మంచం. స్టేషన్‌లో జుట్టు గురించి, రంగు గురించి తెలుగులో జోకులు. వాళ్లకు తెలుగు రాదు కదా అని ధీమా. మాట అర్థం కాకపోయినా నవ్వు ఎవరి మీదో ఎవరికైనా తెలుస్తుంది, పైగా ఇక్కడ నాలుగేళ్లు చదివిన పిల్లలకు ఆ మాటలు ముందే వస్తాయి. వరంగల్ నిట్ ఇంజినీరింగ్ కాలేజీలో ఐసీసీఆర్, దాసా అనే విదేశీ విద్యార్థుల సీట్ల మీద బయటి దేశాల పిల్లలు వస్తూనే ఉంటారు, హాస్టల్లో ఒక పేషెంట్ చెప్పిన సంగతి అందరికీ పాకుతుంది. పాస్‌పోర్ట్, వీసా వివరాలు రిపోర్ట్ చేయాల్సిందే, అది ఆఫీసు పని, వాళ్లు చేస్తారు. నువ్వు క్యాన్యులా పెట్టడానికి వెళ్లి "వీసా ఎప్పటిదాకా ఉంది" అని అడగడం మాత్రం అక్కర్లేదు.

మీ ఇన్‌ఛార్జ్ మీద నాకు కోపమే వచ్చింది. అందరి ముందు అనడానికి ముందు ఆమె అడగాల్సింది, ఆ రాత్రి నీ కింద ఎంతమంది పేషెంట్లున్నారు? దుబాసి ఫోన్ నంబర్ ఇచ్చారా? అరబీలో నొప్పి స్కేల్ ఒక్క కాగితమైనా వార్డులో ఉందా? నైట్‌లో ఆడ స్టాఫ్ సరిపడా ఉన్నారా? ఇవేవీ లేకుండా నర్సుకు కాంపిటెన్స్ లేదనడం తేలిక. హాస్పిటళ్లకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాల్లో పేషెంట్ మత, సాంస్కృతిక అవసరాలను గౌరవించాలని రాసి ఉంటుంది, అది హాస్పిటల్ బాధ్యత, నీ ఒక్కదానిది కాదు. కోపంగా కాకుండా ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగూ రాసి ఆమెకే ఇవ్వు, "సిస్టర్, ఇవి ఉంటే మళ్లీ అలా జరగదు" అని. తీసుకుంటే మంచిదే. తీసుకోకపోతే నువ్వెలాగూ హైదరాబాద్ పోతున్నావు.

ఇంటర్వ్యూకి. విదేశీ పేషెంట్‌తో అనుభవం చెప్పమంటారు, ఈ సూడాన్ ఆమె సంగతే చెప్పు. దాచకు, నంగి నంగిగా కూడా చెప్పకు. ఆ రాత్రి ఏం చేశావు, ఏం మిస్సయింది, ఇప్పుడైతే ఏం చేస్తావు, మూడు ముక్కల్లో. జీఎన్ఎంలో సోషియాలజీ చదివాం సార్ అని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, నొప్పి స్కేల్ చేతిలో పట్టుకుని చెప్పేవాళ్లు తక్కువ. థియరీ అడిగితే లైనింగర్ పేరు చెప్పు, కల్చరల్ కాంపిటెన్స్‌కి కావాల్సినవని కాంపిన్హా బకోటే అనే ఆమె చెప్పిన ఐదు కూడా చూసుకో: అవగాహన, నైపుణ్యం, జ్ఞానం, రకరకాల మనుషులకు ఎదురుపడటం, కోరిక. ఆ ఐదోది నాకిష్టం. నేర్చుకోవాలన్న కోరిక లేకపోతే మిగతా నాలుగూ సర్టిఫికెట్ కోర్సులుగా మిగిలిపోతాయని నా అభిప్రాయం.

ఇంగ్లీష్ గురించి అంత బెంగ వద్దు. నీ దగ్గరకు వచ్చే యెమెన్, సోమాలియా, ఇరాక్ పేషెంట్ల ఇంగ్లీష్ కూడా నీలాగే ఉంటుంది, ఇద్దరూ చిన్న చిన్న మాటలతో బాగానే నెగ్గుకొస్తారు. వేగంగా ఫ్లూయెంట్‌గా మాట్లాడే సిస్టర్‌ల కన్నా, ఆగి ఆగి ఒక్కో మాట చెప్పే నర్సే వాళ్లకు బాగా అర్థమవుతుంది. అరబీలో నొప్పి, నీళ్లు, బాత్రూం, తల తిరగడం, డాక్టర్ వస్తున్నారు, ఇంతవరకు మీ గల్ఫ్ వార్డ్ బాయ్ దగ్గర ఈ వారంలోనే నేర్చుకుని తెలుగు అక్షరాల్లో రాసి జేబులో పెట్టుకో. ముందుముందు నీకే విదేశాలు పోవాలనిపిస్తే, టామ్‌కామ్ (విదేశాల్లో ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) వాళ్లు జర్మనీకి, జపాన్‌కి నర్సులను భాష నేర్పి పంపుతున్నారు, ఆ వార్డులో చేసిన రెండేళ్లు అక్కడ ఉపయోగపడతాయి.

బాండ్. ఎంత కాలం, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ట్రైనింగ్ కాలంలో జీతమెంత, హాస్టల్ ఖర్చు ఎవరిది, ఇవి కాగితం మీద ఉంటేనే లెక్క, నోటిమాట నమ్మకు. ఒక రోజు ఇంటికి తెచ్చుకుని చదువుతాను అని అడుగు. ఇవ్వం అంటే అక్కడే ఆలోచించుకో. సంతకం పెట్టినా సరే ఒరిజినల్ సర్టిఫికెట్లు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం వాళ్ల దగ్గర వదిలి రాకు. చూపించు, జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ బ్యాగులో వేసుకుని కాజీపేట రైలెక్కు.